బొల్లారం మందిరము - మన ఊరి పాత బడి

మన పల్లెల నుండి సికింద్రాబాదుకు వచ్చిపోయేవారు తక్కువేమీ కాదు. ఒకరు ఆసుపత్రి పనిమీద వస్తారు, ఒకరు పిల్లవాణ్ణి కాలేజీలో చేర్చడానికి వస్తారు, ఇంకొకరు పెండ్లి బట్టలకో సంఘ సభలకో వస్తారు. పని ముగిసిన తరువాత రైలుకు ఇంకా ఒక పూట ఉంటే ఏం చేయాలో తోచక స్టేషనులోనే కూర్చునేవారున్నారు. అలాంటి పూట దొరికితే బొల్లారం వెళ్ళి అక్కడి హోలీ ట్రినిటీ మందిరము చూచి రండి. స్టేషనునుండి పది కిలోమీటర్ల పైచిలుకు దూరం. తిరుమలగిరి మీదుగా కరీంనగరు వెళ్ళే దారిలో పోవచ్చు. మేడ్చల్ వైపు పోయే రైలు కూడా బొల్లారంలో ఆగుతుంది. రాష్ట్రపతిగారి విడిది అయిన రాష్ట్రపతి నిలయం ఉన్నది కూడా ఆ బొల్లారంలోనే.

1847లో కట్టిన మందిరమది. దాని ఖర్చుకు విక్టోరియా రాణి తన సొంత సొమ్ము ఇచ్చారనీ, స్థలము నిజాము ఇచ్చారనీ చెప్పుకుంటారు. అయితే రాణిగారి పేరు కోసం అంత దూరం పోనక్కరలేదు. ఆ మందిరాన్ని నెమ్మదిగా చూడడం నేర్చుకుంటే, మన ఊళ్ళో మిషను కాలంనాటి పాత బడినీ ప్రార్థనాలయాన్నీ చూచే కన్ను మనకు వస్తుంది. ఈ వ్యాసం ఆ కన్ను కోసమే.

దండు ఊరు

సికింద్రాబాదు పుట్టుకే దండుతో ముడిపడి ఉంది. 1798లో నిజాము ప్రభువు ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నారు. హుస్సేన్ సాగరుకు ఉత్తరాన వారి పటాలాలు గుడారాలు వేసుకున్నాయి. 1806లో ఆ దండు ఊరికి మూడవ నిజాము సికందర్ జా పేరు పెట్టారు. దండు ఉన్నచోట బజారు వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, సమాధుల తోట వచ్చింది, వాటితోపాటు దేవుని మందిరమూ వచ్చింది.

లాన్సర్ లైన్సులోని సెయింట్ జాన్స్ మందిరము 1813 నాటిది. సరోజినీదేవి రోడ్డులోని కతోలిక సంఘమువారి సెయింట్ మేరీస్ 1850 నాటిది. దానికి 2008లో బసిలికా హోదా వచ్చింది. తిరుమలగిరిలోని ఆల్ సెయింట్స్ 1860 నాటిది. బొల్లారం మందిరము వీటి నడిమి కాలానికి చెందింది. బొల్లారంలో ఉన్నది నిజాము ఖర్చుమీద నడిచే సైన్యం, దానిమీద అధికారులు ఇంగ్లీషువారు. వారి ఆరాధన కోసమే ఈ మందిరము లేచింది.

ఇది మరువరాని సంగతి. ఈ మందిరాలు మన తాతముత్తాతల కోసం కట్టినవి కావు. పరదేశం వచ్చి, తమ ఊరిమీద బెంగతో, తమ ఊరి గుడి వంటి గుడిని ఇక్కడ కట్టుకున్నవారివి. అప్పటి దండు సమాధుల తోటల్లోని రాళ్ళు చదివితే గుండె చెరువవుతుంది. జ్వరాలకూ కలరాకూ పోయిన ఇరవై ఏండ్ల సిపాయీలు, తల్లి ఒడి దాటని పసిబిడ్డలు అక్కడ నిద్రిస్తున్నారు. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న సంగతి రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఈ సికింద్రాబాదు బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న కనిపెట్టారు. అంతకు ముందు ఆ జ్వరం ఎలా వ్యాపిస్తుందో ఎవరికీ నిశ్చయంగా తెలియదు. అలాంటి రోజుల్లో ఆదివారపు గంట మోగితే ఎంత ఆశతో మందిరానికి నడిచేవారో ఊహించుకోవచ్చు.

గోడను చదవడం

ఇక మందిరము ముందు నిలబడి చూడండి. ముందుగా కంటికి తగిలేది కొనదేరిన కమాను. కిటికీ గాని తలుపు గాని పైభాగాన గుండ్రంగా ముగియకుండా, రెండు అరచేతులు జోడించినట్లు పైకి లేచి కొనలో కలుస్తాయి. దీనిని గోతిక్ పద్ధతి అంటారు. సుమారు ఎనిమిది వందల యాభై ఏండ్ల క్రితం ఫ్రాన్సు దేశంలో మొదలై ఐరోపా అంతటా వ్యాపించింది. విక్టోరియా రాణి కాలంలో, అంటే 1837 నుండి 1901 వరకు, ఇంగ్లండువారు ఈ పాత పద్ధతిని మళ్ళీ తలకెత్తుకున్నారు. 1834లో కాలిపోయిన తమ పార్లమెంటు భవనాన్ని కూడా ఆ పద్ధతిలోనే కట్టుకున్నారు.

కొనదేరిన కమాను అందానికి మాత్రమే కాదు. గుండ్రని కమాను తనపై బరువును పక్కలకు ఎక్కువగా నెడుతుంది. కొనదేరినది ఆ బరువును ఎక్కువ భాగం కిందికే దించుతుంది. కనుక గోడను ఎత్తుగా లేపవచ్చు, కిటికీని పొడుగుగా తెరవవచ్చు. మిగిలిన తోపుడును ఆపడానికి గోడ వెలుపల అక్కడక్కడ దిమ్మెలు కడతారు. వాలిన పందిరికి మనం ముట్టుకర్ర పెట్టినట్లే అది. బొల్లారం మందిరానికి మూలల్లో ఎనిమిది పలకల స్తంభాలున్నాయి. పైన సన్నని మొనలు ఆకాశం వైపు చూపుతుంటాయి.

లోపలికి పోతే పొడుగాటి నడిమి సాల ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని నేవ్ అంటారు. ఓడ అనే అర్థంగల లాటిను మాట నుండి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. మన పిల్లలకు ఇది చెప్పి చూడండి. నోవహు ఓడను తలచుకొని వారే పైకప్పు వైపు చూస్తారు. తిరగేసిన ఓడ అడుగు భాగంలా ఉంటుందది.

రంగుటద్దాల కిటికీల దగ్గర కాసేపు నిలబడండి. గాజు కరిగేటప్పుడు లోహపు పొడులు కలిపి రంగు తెస్తారు. నీలానికి కోబాల్టు, మంచి ఎరుపుకు బంగారం కలుపుతారు. ఆ ముక్కలను సీసపు పట్టీలతో అతుకుతారు. చదువురాని జనం ఎక్కువగా ఉన్న కాలంలో ఆ కిటికీలే వారికి బైబిలు పాఠాలు. బయటినుండి చూస్తే ఆ కిటికీ నల్లగా, పని లేనిదానిలా కనబడుతుంది. లోపలికి వచ్చినవారికే దాని రంగు తెలుస్తుంది.

ఎండ దేశంలో ఇంగ్లండు గుడి

ఇంగ్లండులో చలి, వాన. మన దగ్గర మే నెల ఎండ. అక్కడి గుడిని ఇక్కడ ఉన్నది ఉన్నట్లు దించితే మనుషులు ఉడికిపోతారు. అందుకే ఈ దేశంలో కట్టిన ఇలాంటి కట్టడాల్లో మన తాపీమేస్త్రీల తెలివి కలిసింది. గోడలు బాగా మందం, పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దు గుంకుతుంది. పైకప్పు ఎత్తు, వేడిగాలి పైకి పోతుంది. పైన వెంటిలేటర్లు దాన్ని బయటికి పంపుతాయి. బడులకూ బంగళాలకూ చుట్టూ వరండా దించి గోడమీద ఎండ పడకుండా చేశారు.

ఆ గోడలను కట్టింది డంగు సున్నంతో. సున్నపురాయిని కాల్చి, నీళ్ళలో మగ్గబెట్టి, ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో వెన్నలా నూరేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కూడా కలిపేవారు. ఈ పని దొరల దేశం నుండి రాలేదు. మన కోటలూ చెరువు తూములూ కట్టిన చేతులే ఆ పని చేశాయి. కనుక ఈ మందిరము రూపం ఇంగ్లండుదే గాని, చెమట మాత్రం మనదే.

పెంకు సంగతి కూడా చెప్పాలి. పాత మిషను బడులమీద చాలా చోట్ల మంగుళూరు పెంకులు కనబడతాయి. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టారు. క్రైస్తవులైనందువల్ల కులవృత్తికీ ఇంటికీ దూరమైనవారికి కూలి దొరకాలన్నది వారి ఆలోచన. ఈసారి మీ ఊరి బడిమీది పెంకు ఊడి కిందపడితే పారవేయకముందు తిప్పి చూడండి. అడుగున కార్ఖానా పేరు అచ్చు వేసి ఉండవచ్చు.

బడి, గుడి ఒకే అచ్చు

ఇంగ్లండు పల్లెల్లో మందిరము పక్కనే బడి ఉండేది. 1811లో మొదలైన నేషనల్ సొసైటీ అనే సంఘమువారు పేదపిల్లల కోసం వేలాది బడులు పెట్టారు. ఆ బడులకూ కొనదేరిన కిటికీలే, గంట గూడే. దూరంనుండి చూస్తే ఇది బడా గుడా అని తేల్చుకోవడం కష్టం. 1870 నాటి విద్యా చట్టంతో ప్రభుత్వపు బడులు పెరిగాయి. తరువాత చాలా ఊళ్ళలో పాత బడి ఖాళీ అయి సంఘపు హాలుగా మారింది. పిల్లలు ఎక్కాలు వల్లించిన చోట స్త్రీల సమాజమూ సండేస్కూలూ పెండ్లి విందులూ జరుగుతున్నాయి.

మన తెలుగు పల్లెల్లో ఇది ఇంకా సూటిగా జరిగింది. ఇక్కడ రెండు కట్టడాలు కట్టే స్తోమత లేదు. ఒక్క గదే వారమంతా బడి, ఆదివారం గుడి. పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించిన పంతులుగారే సాయంత్రం ఉపదేశిగా ప్రార్థన నడిపేవారు. బల్లమీద పలకలు తీసి, అదే బల్లమీద బైబిలు పెట్టేవారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని కుటుంబాల పిల్లలు ఆ గదిలోనే మొదటిసారి అక్షరం చూచారు. కొలతకు చిన్నదైనా, మన జనం జీవితంలో దానికంటె పెద్ద కట్టడం లేదు.

సికింద్రాబాదు దండు మందిరాలకూ ఈ పల్లె బడులకూ మధ్య ఒక దారి ఉంది. 1895లో తిరుమలగిరికి సిపాయీల మధ్య పరిచర్య కోసం వచ్చిన వెస్లియను మిషనెరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు అక్కడే ఆగలేదు, మెదక్ పల్లెలకు నడిచారు. కరువు రోజుల్లో పని ఇచ్చి తిండి పెట్టి ఆయన కట్టించిన మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. దాని గంట గోపురం 170 అడుగులు దాటుతుంది. దండులో సిపాయీల కోసం వచ్చిన గోతిక్ కమాను, మెదక్‌లో పల్లెవారి కోసం, పల్లెవారి చేతులతో లేచింది.

ఎవరి మందిరము?

ఇక్కడ ఒక ప్రశ్న లేవక మానదు. ఈ గోతిక్ రూపం మనదా? తెలుగు నేలమీద దేవుణ్ణి ఆరాధించడానికి ఇంగ్లండు కమానులెందుకు?

ఈ ప్రశ్న తప్పు కాదు. 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన వి. ఎస్. అజరయ్యగారు, ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పు, దీనికి తన చేతలతోనే జవాబిచ్చారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ మహాదేవాలయములో మసీదు గుమ్మటాల తీరు ఉంది, హిందూ ఆలయాల స్తంభాల తీరు ఉంది, నడుమ సిలువ ఉంది. ఈ దేశపు కళ ఏదైనా ప్రభువు పాదాల దగ్గర పెట్టవచ్చని ఆయన నమ్మకం. మనం కొత్తగా కట్టుకునేటప్పుడు ఆ మాట గుర్తుంచుకోవాలి.

అయితే ఉన్నదానిని ఏం చేయాలి? 1857 మే 10న మీరట్‌లో తిరుగుబాటు లేచింది ఆదివారం నాడే. ఆ తరువాత ఉత్తరాది దండు చర్చిలు కొన్నింటిలో తుపాకి ఆనించుకోవడానికి బెంచీలకు గాళ్ళు పెట్టారు. ఆరాధనలో కూడా తుపాకి వదలలేని భయం! ఆ పటాలాలు వెళ్ళిపోయాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు ఒక్కటయ్యారు. బొల్లారం మందిరము నేడు ఆ సంఘములో మెదక్ అధ్యక్ష మండలమునకు చెందినది. పరాయి సైన్యాధికారులు కూర్చున్న బెంచీలలో ఇప్పుడు మన కుటుంబాలు కూర్చుంటున్నాయి.

1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన భర్త ఫిలిప్‌గారితో ఇక్కడికి వచ్చి, తమ 36వ పెండ్లిరోజున ఆరాధనలో పాల్గొన్నారు. విక్టోరియా రాణి సొమ్ము ఇచ్చారని చెప్పే మందిరములోకి ఆమె మునిమనుమడి కుమార్తె అతిథిగా వచ్చింది. ఆతిథ్యం ఇచ్చినది మన సంఘము. కట్టినవారిని బట్టి గాక, కాపాడి అందులో మోకరించేవారిని బట్టి మందిరము ఎవరిదో తెలుస్తుంది.

సిమెంటు చేసే కీడు

ఇక అసలు సంగతికి వద్దాం. మన పల్లెల్లో వంద ఏండ్లనాటి మిషను బడులూ ప్రార్థనాలయాలూ పోతున్నాయి. కొన్నింటిని కూలగొట్టి స్లాబు వేస్తున్నారు. కొన్నింటిని మంచి మనసుతో చేసే మరమ్మతే పాడుచేస్తున్నది.

మంటికుండనూ పింగాణీ జాడీనీ పక్కపక్కన పెట్టి చూడండి. కుండలోని తేమ బయటికి ఊరి ఆరిపోతుంది. జాడీలోనిది బయటికి రాదు. డంగు సున్నపు గోడ కుండ వంటిది. నేలనుండి ఎక్కిన తేమ, వానకు పీల్చుకున్న తేమ ఎండకు బయటికి వచ్చి ఆరుతుంది. ఆ గోడకు సిమెంటు పూస్తే అది జాడీ అవుతుంది. తేమ బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. ఉప్పు పేరుకొని పూత పొక్కుతుంది. గోడలో దూర్చిన దూలాల కొనలు లోపలే కుళ్ళుతాయి. పదేండ్లకు కప్పు వాలుతుంది. అప్పుడు మనం పాత కట్టడం చెడ్డదంటాం. చెడ్డది కట్టడం కాదు, మనం వేసిన పూత.

కనుక సంఘ పెద్దలు కొన్ని పనులు గుర్తుంచుకోవాలి. సున్నపు గోడకు సున్నమే పూయించండి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు గాని, పాత కోటల మరమ్మతుల్లో పనిచేసినవారిని వెదికితే దొరుకుతారు. వానాకాలానికి ముందే పెంకులు సర్దించి, కాలువలు తీయించి, గోడ మొదట్లో నీళ్ళు నిలవకుండా చూడండి. గోడలో రావి మొక్క మొలిస్తే చిటికెన వేలంత ఉన్నప్పుడే వేరుతో తీయండి. చేయంత అయితే గోడను చీలుస్తుంది. దూలాలకు చెదలున్నాయేమో ఏడాదికి ఒకసారి తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే వెంటనే పని మొదలుపెట్టండి.

గోడకు బీటలు వస్తే కంగారుపడవద్దు. బీటకు అడ్డంగా ఒక సన్నని గాజుముక్కను రెండు వైపులా అతికించి, దానిమీద తేదీ రాయండి. ఆరు నెలలైనా గాజు పగలకుంటే ఆ బీట పాతదే, కదలడం లేదు. పగిలితే గోడ కదులుతున్నట్లే. అప్పుడు ఇంజనీరును పిలవాలి. కప్పు కుంగినచోట పిల్లలను ఒక్క ఆదివారం కూడా కూర్చోబెట్టవద్దు. మనిషి ప్రాణం కంటె ఏ గోడా గొప్పది కాదు. నిలవదని తెలిసినవారు చెబితే, ఫోటోలు తీసి, కొలతలు రాసుకొని, శంకుస్థాపన రాయిని భద్రపరచి, కృతజ్ఞతతో దించవచ్చు. నిలిచేదాన్ని మాత్రం మోజుకోసం కూల్చవద్దు.

డబ్బు ఎక్కడిదంటారా? యోవాషు రాజు కాలంలో యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు బెజ్జము చేసి, మందిరపు బాగుచేత కోసం పెట్టించిన సంగతి రాజుల రెండవ గ్రంథంలో చదువుతాం. వడ్రంగులకూ కాసెపనివారికీ ఆ సొమ్మే చేరింది. కొత్త కట్టడానికి చందా అడిగితే పేర్లు చెక్కించుకోవడానికి చాలామంది ముందుకు వస్తారు. కాలువ తీయించడానికీ చెదలమందుకూ ఎవరి పేరూ చెక్కరు. అందుకే ప్రతి సంఘములోనూ మరమ్మతుకు వేరే పెట్టె ఉండాలి.

బీరువా సంగతి కూడా మరువవద్దు. యోషీయా రాజు మందిరాన్ని బాగుచేయిస్తుండగానే హిల్కీయాకు ధర్మశాస్త్రగ్రంథం దొరికింది. మీ బడి మూలనున్న బీరువాలో పాత బాప్తిస్మపు రిజిస్టర్లు, పిల్లల హాజరు పట్టీలు ఉండవచ్చు. అవి చెదలకు ఆహారం కాకముందే బయటికి తీసి, ఆరబెట్టి, ఒక్కొక్క పుట ఫోటో తీయండి. మీ ముత్తవ్వ మొదటిసారి పేరు రాయించుకున్న వరుస అందులో కనబడవచ్చు.

బొల్లారం వెళ్ళే కుటుంబాలకు ఒక్క మనవి. మందిరము ఆరాధన స్థలము గనుక ముందుగా అక్కడివారిని అడిగి లోపలికి వెళ్ళండి. పిల్లలను ఫోటోలకు మాత్రమే నిలబెట్టకుండా కమాను చూపండి, దిమ్మె చూపండి, గోడ మందం చేత్తో కొలవనివ్వండి. ఇది ఎవరు కట్టారని వారు అడుగుతారు. రాణి పేరు చెప్పండి, తప్పు లేదు. ఆ వెంటనే సున్నం నూరిన పేరు తెలియని మేస్త్రీలను గురించి కూడా చెప్పండి. మన ఊరి పాత బడికి ఈ ఏడు సున్నం వేయాలని కూడా చెప్పండి. బ్రష్షు పట్టుకోవడానికి వారే ముందు వస్తారు.